మొదటి పేజీకెక్కిన ముఖం

నేను ఒక జింకు బ్లాకును. సీసపు అక్షరాలను చేత్తో పేర్చి పత్రికలు అచ్చువేసే కాలంలో మనుషుల ఫొటోలు కాగితం మీదికి రావాలంటే నావంటివారే దిక్కు. అరచేతిలో ఇమిడే రేకు, దాని కింద అక్షరాలతో సమానమైన ఎత్తు రావడానికి మేకులతో బిగించిన టేకు చెక్క, ఇంతే నా శరీరం. రేకు మీద ఒక స్త్రీ ముఖం ఉంది. నిజానికి అది ముఖం కాదు, వేలకొద్దీ చుక్కలు. పైగా అద్దంలో వలె కుడి ఎడమలు తారుమారై ఉంటాయి. లోహం మీద నన్ను చూసి ఫలానా మనిషని పోల్చుకోవడం కన్నబిడ్డలకైనా కష్టం. సిరా పూసి కాగితానికి ఒత్తినప్పుడే నేనెవరో తెలుస్తుంది. ఈ మాట ముందుగా చెప్పడం నన్ను నేను సమర్థించుకోవడానికి కాదు. జరిగిన అన్యాయం ఎలా జరిగిందో తెలియనివారు దాన్ని విధి అంటారు. అది విధి కాదు.

నేను విజయవాడలో ఒక బ్లాకుల దుకాణంలో పుట్టాను. అదే రోజు, అదే బల్ల మీద, నా పక్కన మరొక బ్లాకు కూడా తయారైంది. సముద్రపుగాలి తగిలే ఒక చిన్న పట్టణంలో గణతంత్ర దినోత్సవం నాడు ఉత్తమ సేవకు సన్మానం పొందిన ఇద్దరు స్త్రీల ముఖాలు మావి. నా ముఖం కాంతిమతిగారిది. ఆమె బాలికల పాఠశాలలో టీచరు. రెండవ ముఖం స్వర్ణకుమారిది. ఆమె ఒక ప్రసూతి ఆసుపత్రిలో మందులు, పాలపొడి డబ్బాలు భద్రపరిచే గుమాస్తా. ఇద్దరికీ ఇంచుమించు ఒకే వయస్సు, ఇద్దరికీ కళ్ళజోడు, ఇద్దరికీ ముడి. మా చెక్కల పక్కన మైదా జిగురుతో పేర్ల చీటీలు అంటించిన పనివాడు మధ్యలో బీడీ కోసం బయటికి వెళ్ళి వచ్చాడు. తిరిగి వచ్చి నా చెక్కకు ఆమె పేరు, ఆమె చెక్కకు నా పేరు అంటించాడు. ఆ విధంగా నేను పేరు తప్పిపోయిన ముఖాన్నై, బస్సెక్కి "తీరరేఖ" దినపత్రిక కార్యాలయానికి చేరాను.

"తీరరేఖ" సంపాదకులు చెరుకుపల్లి నరసింగరావుగారు. పత్రిక పెట్టినదీ ఆయనే, రాసేదీ ఆయనే, పనివారి పెళ్ళిళ్ళకు పెద్దరికం వహించేదీ ఆయనే. ఆయన దగ్గర ఉపసంపాదకురాలుగా ఫిలోమినా పనిచేసేది. కాన్వెంటులో సిస్టర్ల దగ్గర చదువుకున్న అమ్మాయి. వార్తలో ఒక్క మాట అటూ ఇటూ అయినా సహించేది కాదు. రోజూ పొద్దున అచ్చయిన పత్రిక చేతికి రాగానే ఆమె చివరి పేజీ అడుగున సన్నని అక్షరాల్లో ఉండే "సంపాదకులు" అనే పంక్తిని చూసేది. అందరూ వదిలేసే ఆ పంక్తి దగ్గర ఆమె కళ్ళు కాసేపు ఆగేవి. ఆ చోట ఏదో ఒకనాడు తన పేరు ఉండాలన్నది ఆమె కోరిక. కోరిక మంచిదే. సంపాదక పదవి కోరుకునేవారు దేన్ని కోరుకుంటున్నారో ముందుగా తెలుసుకోవాలి, అంతే.

మమ్మల్ని మొదటిసారి అచ్చువేసిన మరునాడు కాంతిమతి టీచరుగారు నవ్వుతూ కార్యాలయానికి వచ్చారు.

"ఏమండీ, నన్ను ఆసుపత్రికి బదిలీ చేశారట! మా హెడ్మిస్ట్రెస్‌గారికైనా ఒక మాట చెప్పొద్దూ?"

పత్రిక చూసుకున్న ఫిలోమినా ముఖం కందిపోయింది. "క్షమించండి టీచర్‌గారూ. రేపే సవరణ వేస్తాం."

లోపలి గదిలోంచి నరసింగరావుగారు గొంతు పెంచారు. "ఇద్దరికీ జరిగింది సన్మానమే కదమ్మా! ఎవరికి నష్టమొచ్చిందని సవరణ? మన తప్పును మనమే దండోరా వేసుకోవడమా?"

"ఫర్వాలేదులెండి, నాకు సవరణలేమీ అక్కర్లేదు. ఆ బ్లాకు మీద పేరు మాత్రం మార్చండి. ఈసారి ఆసుపత్రి నుంచి ఇంకెక్కడికి పంపిస్తారో!" అని టీచరుగారు మళ్ళీ నవ్వారు.

"ఇప్పుడే మారుస్తాను" అని ఫిలోమినా నన్ను బల్ల మీద పెట్టుకుంది. జిగురు తెప్పించింది. చీటీ మీద పేరు రాసింది కూడా. అంతలో యంత్రం గదిలోంచి ఫోర్‌మన్ మస్తాన్ కేక వేశాడు. "అమ్మా! సంపాదకీయం రెండు లైన్లు ఎక్కువొచ్చింది. మీరొచ్చి కోస్తారా, నా ఇష్టమొచ్చిన చోట నన్ను కొయ్యమంటారా?" ఆమె పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి మరో పని, ఆ తరువాత ఇంకో పని. జిగురు ఎండిపోయింది. పాత చీటీతోనే నేను బ్లాకుల బీరువాలోకి వెళ్ళాను.

బీరువాలో మేమందరం ఉండేవాళ్ళం. గెలిచిన నాయకులు, ఓడిన నాయకులు, సినిమా తారలు, చనిపోయిన పెద్దలు. అక్కడ పరపతి అంటూ ఏదీ లేదు. అందరి మీదా ఒకే దుమ్ము పడేది. మళ్ళీ ఎప్పుడు వెలుతురు చూస్తామన్నది మాత్రం ఎవరికీ తెలియదు. ఒకరు గెలవాలి, లేదా చావాలి, లేదా పట్టుబడాలి.

రెండేళ్ళు గడిచాయి. నరసింగరావుగారు మనవడి పుట్టువెంట్రుకలకు తిరుపతి వెళుతూ మొదటిసారి పత్రికను ఫిలోమినాకు అప్పగించారు. ఆ మధ్యాహ్నమే ఆ వార్త వచ్చింది. పసిపిల్లలకు ఇవ్వవలసిన పాలపొడి డబ్బాలను బయట అమ్ముకుని, వాటి స్థానంలో పిండి కలిపిన డబ్బాలు పెడుతున్నదన్న ఆరోపణ మీద ఆసుపత్రి గుమాస్తా స్వర్ణకుమారిని పోలీసులు అరెస్టు చేశారు.

"బొమ్మ దొరికితే బస్టాండులో ఒక్క కట్ట మిగలదమ్మా" అన్నాడు మస్తాన్.

"ఉంది! సన్మానం నాటి బ్లాకు మన దగ్గరే ఉంది!" ఫిలోమినా గొంతులో సంతోషం దాగలేదు. విజయవాడ నుంచి వచ్చే పెద్ద పత్రికలకు లేని ఫొటో తన పత్రికలో వస్తుంది. తన చేతి మీదుగా నడిచే మొదటి సంచిక అది.

బీరువా తలుపు తెరిచి, చెక్క మీద పేరు చదివి, ఆమె నన్ను తీసుకుంది. నాకు అంతా తెలుసు. చుక్కలతో చేసిన నోరు ఉంది కానీ అది తెరుచుకోదు.

ప్రూఫు వచ్చింది. ఫిలోమినా దాన్ని ఎంత శ్రద్ధగా దిద్దిందో నేను చూశాను. "పాలపొడి దొంగ" అన్న శీర్షికను కొట్టివేసింది. న్యాయస్థానం తేల్చక ముందే ఎవరినీ దొంగ అనకూడదని విలేకరిని మందలించింది. "దొంగిలించిన" అన్నచోట "దొంగిలించినట్లు ఆరోపణ ఎదుర్కొంటున్న" అని దిద్దింది. స్వర్ణకుమారికి అన్యాయం జరగకుండా ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నది. ప్రూఫు కాగితం మీద సిరా చిక్కబడి నేను నల్లగా వచ్చాను. ఆ నల్లదనంలోకి ఒక్కసారి పరీక్షగా చూసి ఉంటే ఆమె నన్ను పోల్చుకునేది. ఆమె అక్షరాలను మాత్రమే చదివింది. యంత్రం తిరిగింది. నేను కాగితం వెంట కాగితానికి నా ముఖాన్ని అప్పగించాను. ప్రతి కాగితమూ నిర్దోషి ముఖంతో, మరొకరి పేరుతో బయటికి వెళ్ళింది. దేనినీ నేను ఆపలేదు.

మరునాడు పొద్దు బాగా ఎక్కక ముందే కాంతిమతి టీచరుగారు వచ్చారు. ఈసారి నవ్వలేదు. చేతిలో పత్రిక ఉంది.

"నన్ను గుర్తుపట్టారా?"

ఫిలోమినా లేచి నిలబడింది. ఆమె ముఖం చూసింది, పత్రిక చూసింది, మళ్ళీ ఆమె ముఖం చూసింది.

"పాలవాడు నాకు పాలు పొయ్యనన్నాడమ్మా. 'మీకెందుకండీ, ఇంట్లో డబ్బాలున్నాయిగా' అన్నాడు. దానికి నేను బాధపడను. సముద్రం ఒడ్డు పాలెం పిల్లలు కొందరు మా ఇంట్లో ఉండి చదువుకుంటారు, మీకు తెలుసో తెలియదో. మొదటి బస్సుకే వాళ్ళ తల్లులొచ్చి తీసుకుపోయారు. నాగరత్నమనే పిల్ల రానని మా అరుగు స్తంభం పట్టుకుంది. వాళ్ళమ్మ దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి లాక్కెళ్ళింది. ఏడో తరగతి పరీక్ష దగ్గరకొచ్చింది. ఇప్పుడు తప్పితే ఆ పిల్ల జన్మంతా ఎండుచేపలు తిరగేస్తూనే ఉంటుంది."

"రేపు మొదటి పేజీలోనే సవరణ వేస్తాను టీచర్‌గారూ. మీ ఫొటోతో, మీ పేరుతో..."

"నా మొహమా? మళ్ళీనా?" టీచరుగారు చేతిలోని పత్రికను నా పక్కనే బల్ల మీద పెట్టారు. "వద్దు. మళ్ళీ వేస్తే, అదిగో ఆ దొంగ, ఈసారి ఇంకేదో చేసింది అంటారు. తప్పు చేసినవాళ్ళ మొహమే కదా మీరు అక్కడ వేసేది? అయితే మీ మొహం వెయ్యండి."

ఆమె వెళ్ళిన తరువాత చాలాసేపు ఫిలోమినా కూర్చోలేదు. నా చెక్క పక్కనున్న చీటీని గోటితో గీకింది. మైదా జిగురు పొడిపొడిగా రాలింది. అంత సులభంగా ఊడివచ్చే చీటీ అది. ఆ మధ్యాహ్నమే ఆమె తన ఫొటో ఒకటి కవరులో పెట్టి, బ్లాకు చేయించమని విజయవాడకు పంపింది.

నరసింగరావుగారు గుండుతో, నుదుట తిరునామంతో తిరిగివచ్చారు. సంగతంతా విని కళ్ళు మూసుకున్నారు. ఆయన చెడ్డవారు కారు. ఆయనకు పత్రిక పరువు మనుషుల పరువు కంటే కాస్త ఎత్తులో కనిపించేది, అంతే.

"సవరణ వెయ్యాల్సిందే. చివరి పేజీలో, ధాన్యం ధరల కింద రెండు లైన్లు. మన పత్రిక పుట్టినప్పటి నుంచీ సవరణకు అదే చోటు."

"ధాన్యం ధరల కింద మనం ఆవిణ్ణి దొంగని చెయ్యలేదు కదండీ."

ఆయన మెల్లగా అన్నారు. "చూడమ్మా, వచ్చే ఉగాది నుంచి సంపాదకురాలుగా నీ పేరు వెయ్యాలనుకున్నాను. మా ఇంట్లో కూడా చెప్పాను. అరెస్టయినవాళ్ళ ఫొటో వేసే చోట నీ ఫొటో నువ్వే వేసుకుంటే, ఇక ఆ పేరు నేనెలా వెయ్యను? ఊరు నవ్వదూ? నిన్ను కాదనను. వేసుకో. కానీ ఆ కుర్చీ మాట మరిచిపో. రెండూ కావాలంటే కుదరదు. ఏది కావాలో నువ్వే చెప్పు."

బల్ల మీద నేనున్నాను. ఆమె నా వైపు చూసింది. నేను అప్పుడు చేతనైతే వెల్లకిల నుంచి బోర్లా తిరిగి ఉండేదాన్ని. ఒక మనిషి ఎన్నో ఏళ్ళుగా కోరుకున్నదాన్ని వదులుకునేటప్పుడు ఆ ముఖం చూడడానికి నాకు ఏ అర్హత ఉంది?

"బ్లాకు మధ్యాహ్నం బస్సుకు వస్తుందండీ" అంది ఫిలోమినా. అదే ఆమె జవాబు.

ఆ సాయంత్రం పేజీ కట్టి అచ్చు మొదలుపెట్టినప్పుడు నరసింగరావుగారు యంత్రం గదిలోకి వచ్చి నిలబడ్డారు. ఆపుతారేమో అనుకున్నాను. మొదటి కాగితం తీసి వెలుతురుకు పెట్టి చూసి, "మస్తాన్, సిరా సరిచెయ్యి. మొహం మసకగా వస్తోంది" అన్నారు. సరిగ్గా నేను కూర్చున్న స్థలంలో ఆమె ముఖం కూర్చుంది. కింద ఇలా అచ్చయింది: "ఈ చిత్రంలోని వ్యక్తి ఫిలోమినా, ఈ పత్రిక ఉపసంపాదకురాలు. ఇదే చోట కాంతిమతి టీచరుగారి ముఖం కింద మరొకరి పేరు వేసినది ఈమె. టీచరుగారికి ఏ నేరంతోనూ ఏ సంబంధమూ లేదు. తప్పు పూర్తిగా ఈమెది."

ఇక ఊరు బుద్ధిగా చదివి తల పంకించి ఉంటుందని మీరు అనుకుంటున్నారా? ఊరు ఫొటో చూసింది. "పాలపొడి కేసులో ఇంకో ఆవిడ దొరికింది చూశావా, చదువుకున్నదానిలా ఉంది" అన్నారు టీ దుకాణంలో. రిక్షా అతను, "బెయిలు ఎవరిచ్చారమ్మా?" అని ఆమెనే సానుభూతిగా అడిగాడు. కూరగాయల అంగడిలో ఒకామె తన బుట్టను ఆమెకు దూరంగా జరుపుకుంది. ఇవన్నీ మస్తాన్ ప్రెస్సులో చెప్పి నవ్వించాలని చూశాడు. "మనమ్మగారికి జైల్లో అన్నం ఎలా ఉందని మా ఆవిడ అడగమందండీ" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చివరికి ఫిలోమినాయే నవ్వి, "చాలా బాగుందని చెప్పు" అంది.

కొన్నాళ్ళకు టీచరుగారు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. "చదవగలిగినవాళ్ళు చదివారమ్మా. పిల్లల్లో కొందరు తిరిగొచ్చారు. మీరు చేసింది సరైన పనే." వెనుదిరుగుతూ, "నాగరత్నం రాలేదు" అని వెళ్ళిపోయారు.

ఫిలోమినా నన్నూ, సవరణ పడిన పత్రికనూ సంచిలో వేసుకుని పాలెం బస్సెక్కింది. నేను సముద్రాన్ని వినడం అదే మొదటిసారి. ఇసుక మీద చాపలు పరిచి ఆడవాళ్ళు చేపలు ఎండబెడుతున్నారు. నాగరత్నం తల్లి మాణిక్యాలమ్మ చాప అంచు దగ్గర కూర్చుని ఉంది. పిల్ల ఆమె పక్కనే చేపలకు ఉప్పు పట్టిస్తోంది. ఫిలోమినాను చూడగానే తల్లి చేతులు ఆగాయి.

"ఓలమ్మో! పేపర్లో కొత్త దొంగ!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. "మన చేపలు జాగర్తే" అంది ఒకామె.

"అందులో ఏం రాశామో ఎవరిచేతనైనా చదివించుకున్నారా అమ్మా?" అని ఫిలోమినా అడిగింది.

"నాకు సదువొచ్చా? బొమ్మ సూశా. పాలెమంతా బొమ్మే సూశారు. పసిబిడ్డల నోటికాడ పాలు తీసినామె ఇంట్లో నా పిల్లనెట్టా ఉంచమంటావు?"

"పాలు తీసింది ఆవిడ కాదమ్మా!" అంది నాగరత్నం ఉప్పు చేతులతోనే. "నేను చెప్తే నువ్వు విన్నావా?"

"నువ్వు నోర్ముయ్."

ఫిలోమినా ఇసుకలో కూలబడి నన్ను బయటికి తీసింది. "ఇది టీచర్‌గారి మొహం. దీనికి ఇంకొకళ్ళ పేరు అంటించి ఉండేది. ఆ పేరు మార్చమని టీచర్‌గారు నాకు ఎప్పుడో చెప్పారు. మారుస్తానన్నాను. మార్చలేదు. ఆవిడ ఏమీ చెయ్యలేదమ్మా. చేసింది నేను." తరువాత పత్రిక విప్పి సవరణ చదివింది. సిస్టర్లు నేర్పిన పద్ధతిలో, మెల్లగా, మర్యాదగా చదివింది.

మాణిక్యాలమ్మ అంతా విన్నది. నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చేపల కంపు, ఉప్పు, గరుకు వేళ్ళు. "ఇదంటమ్మా మనిసిని దొంగని చేసింది" అని పక్కనామెకు చూపింది. నా వంటి దాని మీద అంతకంటే న్యాయమైన తీర్పు ఎవరూ చెప్పలేదు. తరువాత ఫిలోమినా వైపు తిరిగింది.

"నా సెవిలో సెబితే ఏం లాబం? ఆ బొమ్మ నేనొక్కదాన్నే సూశానా? లెగు. లేసి నిలబడి సదువు. అదిగో, ఆ వలలకాడోళ్ళకి కూడా ఇనపడాల."

ఫిలోమినా లేచింది. గొంతు సవరించుకుని చదివింది. గాలి సగం మాటలు ఎత్తుకుపోయింది.

"గట్టిగా!" అన్నారు ఎవరో.

మళ్ళీ చదివింది. వలల దగ్గర ఉన్న ముసలాయన చెయ్యి చెవికి అడ్డంపెట్టుకుని అరిచాడు. "తప్పెవురిదంటా?"

"నాది!"

"పేరు సెప్పు!"

"ఫిలోమినా!" అని ఆమె అరిచింది. ఆమె పేరును ఆమె అంత బిగ్గరగా ఏనాడూ పలికి ఉండదు. గొంతు బొంగురుపోయింది. నవ్వినవారెవరూ ఇప్పుడు నవ్వలేదు. ఒకామె మాత్రం "సాల్లేవే, ఏడ్చేట్టుంది" అని మాణిక్యాలమ్మతో అంది.

మాణిక్యాలమ్మ చాప మీది చేప ఒకటి తిరగేసింది. "పిల్ల ఏళ్ళు ఇడదీసి లాక్కొచ్చాను, ఆమె ఎదురుగానే" అంది, తనలో తానే. తరువాత, "టీచరమ్మనే రమ్మను. నేనాడికొచ్చి ఏ మొగం పెట్టుకుని అడగను? ఆమె వొచ్చి పిలిస్తే పిల్లనంపుతా" అంది.

ఫిలోమినా నా కోసం చెయ్యి చాచింది. మాణిక్యాలమ్మ ఇవ్వలేదు.

"ఇది ఈడే ఉండనీ. మీకాడుంటే మళ్ళీ ఏస్తారు."

ఫిలోమినా చెయ్యి వెనక్కి తీసుకుంది. మాణిక్యాలమ్మ చాప గాలికి లేవకుండా ఒక మూల నన్ను బరువుగా పెట్టింది, బోర్లా.

మరునాడు టీచరుగారు వచ్చారు. నేను ఇసుకలో ముఖం దాచుకుని ఉన్నాను కనుక చూడలేదు, విన్నాను. "సంచి సర్దుకో నాగరత్నం. లెక్కల్లో బాగా వెనకబడ్డావు" అన్నారామె. మరే మాటా అనలేదు. మాణిక్యాలమ్మ క్షమాపణ అడగలేదు, ఎండుచేపల మూట ఒకటి ముందు పెట్టింది. "నేను తిననే!" అన్నారు టీచరుగారు. "నువ్వు తినకపోతే పిల్లకి వొండిపెట్టు" అంది ఆమె.

దీన్ని ఎవరూ సుఖాంతమని అనుకోవద్దు. ఫిలోమినా పేరు చివరి పేజీ అడుగున ఎన్నడూ రాలేదు. ఉగాదికి ఆ పంక్తిలో నరసింగరావుగారి మేనల్లుడి పేరు పడింది. ఆమె ఇప్పటికీ ఉపసంపాదకురాలే. ప్రతి ప్రూఫునూ కిటికీ దగ్గరకు పట్టుకెళ్ళి ముఖం చూసి గాని వదలదట. పాలవాడు ఇప్పటికీ టీచరుగారి వీధి దాటి వెళతాడట. ఇవన్నీ నాగరత్నం సెలవులకు వచ్చినప్పుడు తల్లికి చెబుతుంటే విన్న సంగతులు. ఆ రోజు నేను అచ్చైన కాగితాలు ఎన్ని ఊళ్ళలో ఏ పొట్లాలుగా ఏ గూళ్ళలో ఉన్నాయో నాకు తెలియదు. వాటిని వెంటబడి పట్టుకోవడం ఎవరివల్లా కాదు.

నన్ను మాత్రం ఉప్పు తింటోంది. ముందు కళ్ళజోడు పోయింది, ఆ తరువాత నుదురు, ఆ తరువాత ముడి. సన్మానం నాడు తీసిన ఫొటో కనుక ఆమె అందులో నవ్వుతూ ఉంది. పసిబిడ్డల పాలు కాజేసి ఎలా నవ్వుతోందో చూడండని ఊరంతా మండిపడింది ఆ నవ్వును చూసే. ఆ నవ్వు ఇంకా పూర్తిగా చెరగలేదు. నేను ఇసుకలో పెదవులు ఆనించుకుని, ఉప్పు కోసం ఎదురుచూస్తున్నాను.